ఇంధన పంపుకు విద్యుత్తు అందనప్పుడు: లోపాన్ని గుర్తించే పద్ధతి

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు
• పెట్రోలు వాహనంలో ఇంధన పంపుకు విద్యుత్తు చేరే మార్గాన్ని వివరించగలరు;
• పంపు తిరగకపోవడానికీ పంపు చెడిపోవడానికీ ఉన్న తేడాను చెప్పగలరు;
• ఒక్కొక్క కొలతతో వెతకవలసిన మేరను తగ్గించుకుంటూ లోపం ఉన్న చోటును గుర్తించగలరు;
• లోడు ఉన్నప్పుడూ లేనప్పుడూ వోల్టేజి కొలతలు ఎందుకు వేరుగా వస్తాయో ఓమ్ నియమంతో లెక్కకట్టి చూపగలరు.

9.1 పరిచయం

గత భాగాల్లో మీరు ఓమ్ నియమాన్నీ, శ్రేణి వలయాలనూ, విద్యుదయస్కాంత రిలే పనిచేసే తీరునూ చదివారు. ఈ భాగంలో ఆ మూడింటినీ రోడ్డు మీద ఎదురయ్యే ఒక సమస్యకు అన్వయిస్తాం.

2020 ఆగస్టులోనూ, మళ్లీ 2023 జులైలోనూ కురిసిన భారీ వర్షాలకు వరంగల్, హనుమకొండల్లోని లోతట్టు కాలనీల్లోకి నీరు చేరింది. ఇళ్ల ముందు నిలిపిన వాహనాలు కూడా మునిగాయి. నీరు తీసిన తరువాత చాలామంది బండ్లను ఆరబెట్టి, ఆయిలు మార్పించి మళ్లీ నడుపుకొన్నారు. అయితే తీగలు కలిసే చోట్ల చేరిన తడి ఆ రోజే తన ప్రభావాన్ని చూపదు. కొన్ని వారాలో నెలలో గడిచాక అది తుప్పుగా బయటపడుతుంది.

మా ఇంటి కారు విషయంలో అదే జరిగింది. 2020 ఆగస్టు వాననీటిలో అది సీట్ల కిందివరకు మునిగింది. ఆరబెట్టాక బాగానే నడిచింది. నవంబరులో ఒక తెల్లవారుజామున మా అమ్మగారిని డయాలసిస్‌కు తీసుకువెళ్లవలసి ఉండగా కారు కదలలేదు. సెల్ఫు తిరుగుతోంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదు. ఆటో పిలిచి ఆమెను ఆసుపత్రికి చేర్చాం. తరువాత వచ్చిన మెకానిక్ పంపు కనెక్టరును ఊడదీసి మీటరు పెట్టి చూశాడు. 12 వోల్టులు చూపింది. విద్యుత్తు వస్తున్నా పంపు తిరగడం లేదు కాబట్టి పంపు పోయిందన్నాడు. నేనూ సరేనన్నాను. కొత్త పంపు బిగించాక కూడా కారు కదలలేదు.

ఆ మెకానిక్ కొలత తప్పు కాదు. మీటరూ సరైనదే. ఆ కొలత నుంచి తీసిన నిర్ణయం తప్పు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో అర్థం చేసుకోవడమే ఈ భాగంలో మనం చేయవలసిన పని. జవాబు 9.6లో ఉంది. అక్కడికి చేరేలోగా మీరే కనుక్కోవడానికి ప్రయత్నించండి.

ఒకప్పుడు ఈ సమస్య ఇంత విస్తృతంగా లేదు. అంబాసిడర్, మొదటి తరం మారుతి 800 వంటి కార్బురేటరు కార్లలో ఇంధన పంపు ఇంజను క్యామ్‌షాఫ్టు కదలికతో యాంత్రికంగా పనిచేసేది. దానికి విద్యుత్తుతో సంబంధం లేదు. ఇంధన ఇంజెక్షన్ పద్ధతి వచ్చాక పెట్రోలును సుమారు 300 నుంచి 400 కిలోపాస్కల్‌ల పీడనంతో పంపడం అవసరమైంది. ఆ పనికి ట్యాంకు లోపలే విద్యుత్ మోటారు పంపును అమర్చారు. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో కొత్త మోటారు సైకిళ్లు, స్కూటర్లలో కూడా చాలావరకు ఇంధన ఇంజెక్షన్ వచ్చింది. అంటే ఈ పాఠం కారు ఉన్నవారికే కాదు, బండి ఉన్న ప్రతి ఇంటికీ పనికివస్తుంది.

9.2 పంపుకు విద్యుత్తు చేరే దారి

లోపాన్ని వెతకడానికి ముందు దారి తెలిసి ఉండాలి. పంపుకు సంబంధించి రెండు వలయాలు ఉంటాయి. ఒక కాగితం తీసుకొని, చదువుతూ వాటిని గీసుకోండి.

9.2.1 శక్తి వలయం

బ్యాటరీ ధన ధ్రువం నుంచి విద్యుత్తు ఫ్యూజు ద్వారా రిలేకు చేరుతుంది. అక్కడి నుంచి పొడవైన తీగ ద్వారా వాహనం వెనుక భాగంలోని కనెక్టరుకు, ఆపై పంపు మోటారుకు వెళ్తుంది. మోటారు నుంచి ఎర్తు తీగ ద్వారా వాహనం బాడీకి, బాడీ ద్వారా తిరిగి బ్యాటరీ రుణ ధ్రువానికి చేరుతుంది. ఇది శ్రేణి వలయం. ఇందులో ఏ ఒక్క చోట తెగినా మోటారు తిరగదు. విద్యార్థులు సాధారణంగా మరచిపోయేది చివరి అంచెను, అంటే ఎర్తును. విద్యుత్తు మోటారు వరకు వస్తే చాలదు, తిరిగి వెళ్లే దారి కూడా ఉండాలి.

9.2.2 అదుపు వలయం

రిలే ఒక విద్యుదయస్కాంత స్విచ్చి. చాలా రిలేల అడుగున 30, 87, 85, 86 అనే అంకెలు కనిపిస్తాయి. 30కి బ్యాటరీ విద్యుత్తు వస్తుంది. 87 నుంచి పంపుకు వెళ్తుంది. 85, 86 అనేవి లోపలి తీగచుట్ట రెండు కొసలు. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించినప్పుడు అయస్కాంత బలం వల్ల 30, 87 కలుస్తాయి. తీగచుట్టకు కావలసిన ప్రవాహం చాలా తక్కువ, ఒక ఆంపియరులో చిన్న భాగమే. దానితో అనేక ఆంపియర్ల ప్రవాహాన్ని అదుపు చేయవచ్చు.

సాధారణంగా తీగచుట్ట ఒక కొసకు తాళంచెవి తిప్పినప్పుడు 12 వోల్టులు వస్తాయి. రెండో కొసను ఇంజను కంట్రోల్ కంప్యూటరు ఎర్తుకు కలుపుతుంది. అంటే పంపును నడపాలా వద్దా అనేది కంప్యూటరు నిర్ణయం.

9.2.3 విద్యుత్తును కావాలనే ఆపే సందర్భాలు

చాలా వాహనాల్లో తాళంచెవి తిప్పగానే కంప్యూటరు పంపును సుమారు 2 సెకన్లు నడిపి, గొట్టాల్లో పీడనం నింపి ఆపేస్తుంది. తరువాత క్రాంక్‌షాఫ్టు సెన్సారు నుంచి ఇంజను తిరుగుతోందన్న సంకేతం వస్తేనే మళ్లీ నడుపుతుంది. ఇది భద్రత కోసం చేసిన ఏర్పాటు. ప్రమాదంలో ఇంజను ఆగి, పెట్రోలు గొట్టం తెగిందనుకోండి. పంపు నడుస్తూనే ఉంటే పెట్రోలు రోడ్డు మీదికి చిమ్ముతుంది.

ఇదే ఉద్దేశంతో కొన్ని కార్లలో ఢీకొన్న కుదుపుకు తెరుచుకొనే ఇనర్షియా స్విచ్చి ఉంటుంది. దాని మీది బొత్తాన్ని నొక్కితే మళ్లీ కలుస్తుంది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నప్పుడు పంపును ఆపే ఏర్పాటు మరికొన్నింటిలో ఉంటుంది. ఇంజెక్షన్ ఉన్న అనేక మోటారు సైకిళ్లలో బండి పడిపోయినప్పుడు ఇంజనును ఆపే వాలు సెన్సారు ఉంటుంది. హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్చి ఆఫ్‌లో ఉన్నా చాలా బండ్లలో పంపు నడవదు. తాళంచెవిని గుర్తించని ఇమ్మొబిలైజరు కూడా కొన్ని వాహనాల్లో పంపును ఆపుతుంది.

కాబట్టి పంపుకు విద్యుత్తు అందకపోవడం ప్రతిసారీ లోపం కాదు. వాహనం సరిగా తీసుకున్న నిర్ణయం కూడా కావచ్చు. ఈ విషయం తెలియకుండా పంపుకు బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగి శాశ్వతంగా కలపడం అత్యంత ప్రమాదకరం. అలా చేస్తే బండి కదులుతుంది కాని, ప్రమాదంలో ప్రాణాలు కాపాడే ఏర్పాటు పోతుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి - 1
గమనిక: మీ జవాబును కాగితం మీద రాసి, 9.8లోని జవాబుతో పోల్చుకోండి.
ఇంజను తిరగనప్పుడు పంపును కంప్యూటరు ఎందుకు ఆపుతుంది?

9.3 ముందు జాగ్రత్తలు

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. అది నేలబారుగా పరుచుకొని, దూరాన ఉన్న నిప్పును కూడా అందుకోగలదు. గాలిలో సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం వరకు పెట్రోలు ఆవిరి ఉంటే నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. ట్యాంకులో మునిగి ఉన్న మోటారు వల్ల పెట్రోలు ఎందుకు అంటుకోదని విద్యార్థులు తరచూ అడుగుతారు. మూసిన ట్యాంకులో ఆవిరి ఈ హద్దును మించి చిక్కగా ఉంటుంది. మండడానికి చాలినంత గాలి ఉండదు. ట్యాంకు మూత తెరిచిన తరువాత ఆ రక్షణ ఉండదు.

అందువల్ల కింది నియమాలను పాటించండి.
• పని ఆరుబయట చేయండి. దగ్గరలో బీడీ, సిగరెట్, పొయ్యి ఏవీ ఉండరాదు. మంటలార్పే సాధనం చేతికందేలా ఉంచుకోండి.
• పెట్రోలు వాసన వస్తే కొలతలు మొదలుపెట్టవద్దు. కారడాన్ని ముందు సరిచేయించండి.
• ట్యాంకు దగ్గర తీగలు రాపిడి చేసి నిప్పురవ్వ తెప్పించి చూడడం, బల్బు వెలిగించి చూడడం చేయవద్దు. అక్కడ మీటరు మాత్రమే వాడండి.
• కాలిపోయిన ఫ్యూజు స్థానంలో రాగితీగ గాని, సిగరెట్ పెట్టె రేకు గాని, ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు గాని పెట్టవద్దు.
• కంప్యూటరుకు వెళ్లే తీగలకు టెస్ట్ ల్యాంపు తగిలించవద్దు. బల్బు తీసుకొనే ప్రవాహానికి లోపలి భాగాలు దెబ్బతినవచ్చు.

ఈ పాఠం అవగాహన కోసం ఉద్దేశించినది. మొదటిసారి చేసేటప్పుడు అనుభవం ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ పక్కన ఉండాలి.

9.4 నిర్ధారణ క్రమం

పోయిన చోటే వెతకాలని మన పెద్దలు అంటారు. ఏ చోట పోయిందో తెలియనప్పుడు దారిని మధ్యలో ఆపి, రెండు సగాల్లో ఏది బాగుందో ముందు తేల్చుకోవాలి. బాగున్న సగాన్ని వదిలి మిగిలిన సగాన్ని మళ్లీ పరీక్షించాలి. ఇలా చేస్తే విడిభాగాలను ఒకదాని తరువాత ఒకటి మార్చే పని ఉండదు.

మొదటి అంచె: వినడం, చూడడం. తాళంచెవి తిప్పి వెనుక సీటు దగ్గర చెవి పెట్టండి. రెండు సెకన్ల పాటు సన్నగా గుయ్‌మనే శబ్దం వస్తే పంపు తిరుగుతోంది. అలాంటప్పుడు సమస్య వేరే చోట ఉంది, లేదా ఆ రెండు సెకన్ల తరువాత పంపును మళ్లీ నడిపే సంకేతం రావడం లేదు. శబ్దం రాకపోతే డ్యాష్‌బోర్డు చూడండి. తాళంచెవి తిప్పినప్పుడు ఇంజను హెచ్చరిక దీపం వెలగాలి. అది అసలు వెలగకపోతే కంప్యూటరుకే విద్యుత్తు అందడం లేదని అనుమానించాలి.

రెండవ అంచె: బ్యాటరీ. పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ నిలకడగా ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫు తిరిగేటప్పుడు తొమ్మిదిన్నర వోల్టులకన్నా బాగా తగ్గితే ముందు బ్యాటరీనీ దాని క్లాంపులనూ సరిచేయాలి.

మూడవ అంచె: ఫ్యూజు. ఫ్యూజును ఊడదీయకుండానే దాని తలపై కనిపించే రెండు లోహపు చుక్కల వద్ద వోల్టేజి కొలవండి. విద్యుత్తు వచ్చే వైపు చూపి, రెండో వైపు చూపకపోతే ఫ్యూజు కాలిపోయింది. కొత్తది పెట్టాక అదీ కాలిపోతే తీగ బాడీకి తగిలి ఉండవచ్చు, లేదా మోటారు బిగుసుకొని ఎక్కువ ప్రవాహం తీసుకుంటూ ఉండవచ్చు. ఫ్యూజు కాలడం లోపం కాదు, లోపాన్ని తెలిపే గుర్తు.

నాలుగవ అంచె: రిలే వద్ద వలయాన్ని రెండుగా విడదీయడం. ఈ క్రమంలో ఇది కీలకమైన పరీక్ష. తాళంచెవి ఆపి రిలేను ఊడదీయండి. సాకెట్‌లోని 30, 87 స్థానాలను 15 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న తీగతో కొన్ని క్షణాలు మాత్రమే కలపండి. స్థానాలను వాహనం వైరింగు పటంలో సరిచూసుకున్న తరువాతే ఈ పని చేయాలి. పంపు తిరిగితే ఫ్యూజు, పొడవైన తీగ, కనెక్టరు, మోటారు, ఎర్తు అన్నీ పనిచేస్తున్నట్లే. లోపం రిలేలో గాని, అదుపు వలయంలో గాని ఉంది. పంపు తిరగకపోతే లోపం శక్తి వలయంలో ఉంది. ఒకే పరీక్షతో వెతకవలసిన పని సగమైంది.

ఐదవ అంచె (క): పంపు తిరిగితే. మీటరును సాకెట్‌లోని 85, 86 స్థానాల మధ్య పెట్టి, మరొకరిని తాళంచెవి తిప్పమనండి. 2 సెకన్ల పాటు సుమారు 12 వోల్టులు వస్తే అదుపు వలయం బాగుంది, రిలే చెడిపోయింది. రాకపోతే ఒక్కొక్క స్థానాన్ని విడిగా చూడాలి. తాళంచెవి నుంచి రావలసిన 12 వోల్టులు రావడం లేదా, కంప్యూటరు ఎర్తు ఇవ్వడం లేదా అనేది తేలుతుంది. కంప్యూటరు ఎర్తు ఇవ్వకపోతే దాన్నే తప్పుపట్టడానికి ముందు 9.2.3లోని కారణాలను ఒక్కొక్కటిగా పరిశీలించండి. మొదటి 2 సెకన్లు ఇచ్చి, సెల్ఫు తిరిగేటప్పుడు ఇవ్వకపోతే క్రాంక్‌షాఫ్టు సెన్సారును పరీక్షించాలి.

ఐదవ అంచె (ఖ): పంపు తిరగకపోతే. ముందు సాకెట్‌లోని 30 స్థానంలో విద్యుత్తు ఉందని నిర్ధారించుకోండి. తరువాత పంపు కనెక్టరు వద్దకు వెళ్లండి. కనెక్టరును ఊడదీయవద్దు. అది కలిసి ఉండగానే వెనుక నుంచి సన్నని ప్రోబును లోహపు కొసకు తగిలించి, 30, 87లను మరొకరు కలిపి ఉంచినప్పుడు కొలవండి.
• పంపు రెండు కొసల మధ్య 11.5 వోల్టులు గాని అంతకన్నా ఎక్కువ గాని ఉండి కూడా పంపు తిరగకపోతే పంపు చెడిపోయింది. పంపు పోయిందని చెప్పే హక్కు మనకు వచ్చేది ఈ కొలత తరువాతే.
• పంపు ధన కొసకూ బ్యాటరీ రుణ ధ్రువానికీ మధ్య వోల్టేజి తక్కువగా ఉంటే లోపం రిలేకూ పంపుకూ మధ్య తీగలో గాని, కనెక్టరులో గాని ఉంది.
• పంపు ఎర్తు కొసకూ బ్యాటరీ రుణ ధ్రువానికీ మధ్య దాదాపు సున్నా రావాలి. 0.2 వోల్టుల వరకు ఉండవచ్చు. అంతకన్నా బాగా ఎక్కువ వస్తే లోపం ఎర్తులో ఉంది. ఎర్తు పూర్తిగా తెగిపోతే అక్కడ ఏకంగా 12 వోల్టులు కనిపిస్తాయి.

కొన్ని కొత్త కార్లలో పంపు వేగాన్ని ప్రత్యేక కంట్రోల్ మాడ్యూలు మారుస్తుంది. వాటిలో పంపు వద్ద స్థిరమైన 12 వోల్టులు ఉండవు. అలాంటి వాహనాల్లో నేరుగా కలిపే పరీక్ష చేయరాదు. తయారీదారు ఇచ్చిన పటాన్నే అనుసరించాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి - 2
30, 87లను కలిపినప్పుడు పంపు తిరిగింది. 85, 86ల మధ్య 2 సెకన్లు 12 వోల్టులు వచ్చాయి. లోపం ఎక్కడ ఉంది?

9.5 లోడు లేని కొలత ఎందుకు తప్పుదారి పట్టిస్తుంది?

మోటారును స్థూలంగా 2.4 ఓమ్‌ల నిరోధంగా తీసుకుందాం. బ్యాటరీ 12 వోల్టులు. వలయం బాగున్నప్పుడు ప్రవాహం 12ను 2.4తో భాగిస్తే 5 ఆంపియర్లు. ఇప్పుడు ఒక కలయికలో తుప్పు పట్టి 2 ఓమ్‌ల నిరోధం చేరిందనుకుందాం.

కనెక్టరు కలిసి ఉన్నప్పుడు మొత్తం నిరోధం 4.4 ఓమ్‌లు. ప్రవాహం సుమారు 2.73 ఆంపియర్లు. మోటారుకు దక్కేది సుమారు 6.5 వోల్టులు. మిగిలిన 5.5 వోల్టులు తుప్పు దగ్గరే ఖర్చవుతాయి. ఆ చోట సుమారు 15 వాట్ల వేడి పుడుతుంది. పాత కనెక్టర్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి కరగడానికి కారణం ఇదే.

కనెక్టరును ఊడదీసి మీటరు పెట్టినప్పుడు మోటారు వలయంలో లేదు. దాని స్థానంలో మీటరు ఉంది. సాధారణ డిజిటల్ మీటరు లోపలి నిరోధం సుమారు ఒక కోటి ఓమ్‌లు. దాని ముందు 2 ఓమ్‌లు లెక్కలోకే రావు. మీటరు 12.00 చూపుతుంది. తుప్పు నిరోధం 1000 ఓమ్‌లు ఉన్నా అది 12.00 అనే చూపుతుంది. వెయ్యి ఓమ్‌ల గుండా ఏ మోటారూ తిరగదని మీకు తెలుసు.

ఖాళీ గొట్టం చివర మూసి పీడనం చూస్తే సన్నని గొట్టంలోనూ లావు గొట్టంలోనూ ఒకటే కనిపిస్తుంది. నీరు పారించినప్పుడే తేడా తెలుస్తుంది. విద్యుత్తు విషయంలోనూ అంతే. ప్రవాహం లేనిదే నిరోధం బయటపడదు.

మీ ప్రగతిని తెలుసుకోండి - 3
పై లెక్కలో తుప్పు నిరోధం 0.6 ఓమ్‌లు అయితే మోటారుకు ఎన్ని వోల్టులు దక్కుతాయి?

9.6 మా కారులో దొరికిన లోపం

కొత్త పంపు కూడా తిరగకపోవడంతో మేము కనెక్టరును కలిపి ఉంచి కొలిచాం. బ్యాటరీ 12.4 వోల్టులు. పంపు రెండు కొసల మధ్య 5.1 వోల్టులు. ధన వైపు తీగలో తగ్గినది 0.4 వోల్టు. పంపు ఎర్తు కొసకూ బ్యాటరీ రుణ ధ్రువానికీ మధ్య 6.9 వోల్టులు. మూడింటినీ కూడితే సరిగ్గా 12.4. సున్నా ఉండవలసిన చోట 6.9 ఉంది. వెనుక సీటు తీసి, కింది తివాచీ ఎత్తితే ఎర్తు తీగను బాడీకి బిగించిన బోల్టు చుట్టూ తుప్పు పేరుకొని ఉంది. ఆగస్టులో చేరిన నీరు తివాచీ కింద చాలాకాలం ఆరలేదు. బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన గ్రీజు పూశాం. కారు నడిచింది.

మొదటి పంపు బాగానే ఉందని అప్పుడు తెలిసింది. మెకానిక్‌ను తప్పుపట్టలేను. అతడు తనకు నేర్పిన పద్ధతిలోనే కొలిచాడు. ఓమ్ నియమాన్ని ముప్పై ఏళ్లకు పైగా బోర్డు మీద రాసిన నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఊడదీసిన కనెక్టరులో ప్రవాహం లేదని నాకు తట్టి ఉండవలసింది, తట్టలేదు. పాఠంలో 'లోడు' అన్న మాట పక్కన గీత గీసుకోమని అప్పటి నుంచి విద్యార్థులకు చెబుతున్నాను. మీకూ అదే చెబుతున్నాను.

వరద నీటిలో నిలిచిన వాహనం మీ ఇంట్లో ఉంటే పైకి బాగా నడుస్తున్నా సరే, ఫ్యూజు పెట్టెనూ, రిలే సాకెట్లనూ, సీట్ల కింది ఎర్తు బోల్టులనూ ఒకసారి తెరిపించి శుభ్రం చేయించండి.

9.7 సారాంశం

ఇంధన పంపు తిరగకపోవడానికి పంపే కారణం కానవసరం లేదు. బ్యాటరీ, ఫ్యూజు, రిలే, తీగ, కనెక్టరు, మోటారు, ఎర్తు కలిసి ఒక శ్రేణి వలయం. రిలేను నడిపే అదుపు వలయం మరొకటి. భద్రత కోసం కంప్యూటరు పంపును ఆపవచ్చు. రిలే సాకెట్ వద్ద చేసే పరీక్ష ఈ రెండు వలయాల్లో లోపం ఎందులో ఉందో తేలుస్తుంది. పంపు వద్ద వోల్టేజిని కనెక్టరు కలిపి ఉంచి, ధన వైపునా ఎర్తు వైపునా కొలవాలి. లోడు లేనప్పుడు కనిపించే 12 వోల్టులు వలయం తెగలేదని మాత్రమే చెబుతాయి. మోటారును తిప్పగల సత్తా ఆ వలయానికి ఉందని చెప్పవు.

9.8 మీ ప్రగతిని తెలుసుకోండి: జవాబులు

1. ప్రమాదంలో గొట్టం తెగితే పెట్రోలు బయటికి చిమ్మి అగ్నిప్రమాదం జరగకుండా ఉండడానికి.
2. రిలేలో. శక్తి వలయం, అదుపు వలయం రెండూ పనిచేస్తున్నాయి.
3. మొత్తం నిరోధం 3 ఓమ్‌లు, ప్రవాహం 4 ఆంపియర్లు, మోటారుకు 9.6 వోల్టులు.

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. ఇంధన పంపు శక్తి వలయాన్నీ అదుపు వలయాన్నీ వివరించండి.
2. పంపు తిరగని వాహనంలో లోపాన్ని గుర్తించే క్రమాన్ని అంచెలవారీగా రాయండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. కనెక్టరును ఊడదీసి కొలిచిన వోల్టేజిపై ఆధారపడి పంపును మార్చడం ఎందుకు సరికాదు?
2. ఎర్తు కొస వద్ద వోల్టేజి కనిపించడం దేనికి గుర్తు?
3. మీకు దగ్గరలోని ఆటో ఎలక్ట్రీషియన్ వద్దకు వెళ్లి, అతడు పంపు వలయాన్ని పరీక్షించే తీరును గమనించండి. అందులో లోడు ఉన్న కొలతలు ఏవి, లోడు లేని కొలతలు ఏవి?